కంట్రోల్ కీ రెండుసార్లు నొక్కితేనే భాష మారాలంటే

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

కుడి కంట్రోల్ కీని టకటకా రెండుసార్లు నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారేలా ఆటోహాట్‌కీలో (విండోస్‌లో కీలకు మనకు కావలసిన పనులు అప్పగించే సాఫ్ట్‌వేర్) నువ్వు రాసిన స్క్రిప్టు చూశాను. రోజంతా ప్రూఫులు దిద్దేవాళ్లకు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కడం కన్నా ఇదే సుఖం. అయితే కీని ఒక్కసారి నొక్కి పట్టుకున్నా భాష మారిపోతోందన్నావు. మారక ఏం చేస్తుంది తల్లీ? పట్టి ఉంచిన కీని కీబోర్డు కాస్త ఆగి వరసగా మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. అక్షరమైతే తెరమీద బారులు తీరి కనబడేది. కంట్రోల్‌కు ఏమీ కనబడదు కాబట్టి మనకు తెలియదు. స్క్రిప్టుకు మాత్రం అవన్నీ కొత్త నొక్కులే.

అందుకే కీవెయిట్ అనే ఆదేశం కావాలి. వేలు తీసేదాకా స్క్రిప్టు అక్కడే ఆగుతుంది, ఈలోగా అదే హాట్‌కీ (స్క్రిప్టులో పని అప్పగించిన కీ) రెండోసారి మొదలుకాదు. చాలామంది దీన్ని మొదటి నొక్కుకే పెట్టి వదిలేస్తారు. రెండో నొక్కును కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే భాషలు గిర్రున తిరగొచ్చు. రెండుచోట్లా పెట్టు.

రెండు నొక్కుల మధ్య గడువు విషయానికొస్తే, ఆటోహాట్‌కీ సహాయ పుటల్లోని ఉదాహరణలో 400 మిల్లీసెకన్లు ఉంటుంది. మౌస్ డబుల్ క్లిక్‌కు విండోస్ మామూలుగా ఇచ్చేది 500. నీ వేళ్లు చురుకైనవి, 300 చాలు.

అసలు చిక్కు ఇంకోటుంది. కుడి కంట్రోల్‌తో సి నొక్కి కాపీ చేశావు, వెంటనే మళ్లీ కంట్రోల్ పట్టుకుని వి నొక్కావు. మధ్యలో వచ్చిన సి హాట్‌కీ కాదు కాబట్టి అంతకుముందు నడిచిన హాట్‌కీ పేరు మాత్రమే చెప్పే ఎ_ప్రయర్‌హాట్‌కీకి దాని ఊసే తెలియదు. రెండుసార్లు కంట్రోల్ నొక్కావనుకుని, అతికించాల్సిన చోట భాష మార్చి కూర్చుంటుంది. ఎ_ప్రయర్‌కీని కూడా అడుగు. అంతకుముందు నొక్కిన కీ ఏదైనా అది చెబుతుంది. ‘సి’ అని వస్తే ఊరుకో, ‘ఆర్‌కంట్రోల్’ అని వస్తేనే కదులు. ఒక్క జాగ్రత్త: స్క్రిప్టు వేగంగా నడుస్తుందని చెప్పి అందరూ పైన అతికించే ‘కీహిస్టరీ 0’ (నొక్కిన కీల చిట్టా రాయొద్దని చెప్పే) వరస నీ ఫైల్లోనూ ఉంది. అది ఉన్నంతకాలం ఎ_ప్రయర్‌కీ ఖాళీగానే వస్తుంది. తీసెయ్.

హాట్‌కీ పేరుకు ముందున్న టిల్డె (~) గుర్తును మాత్రం ముట్టుకోకు. అది లేకపోతే కంట్రోల్ తన రోజువారీ పని మానేస్తుంది. ఒక్క నొక్కుకు వేరే పని అప్పగించాలన్న నీ ఆలోచన నాకు నచ్చలేదు. రెండో నొక్కు వస్తుందో రాదో తేలేదాకా మొదటిది కాచుకోవాలి కదా, ప్రతిసారీ ఆ ఆలస్యం వేలికి తెలుస్తుంది.

ఎడమ కంట్రోల్ ఎంచుకోకపోవడం మంచిదయింది. ఇంగ్లీషు (ఇండియా) కీబోర్డులో రూపాయి గుర్తు కోసం కుడి ఆల్ట్ పట్టుకుంటే, విండోస్ దాన్ని ఎడమ కంట్రోల్, ఆల్ట్ కలిసినట్టుగా చూస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కొంటానన్నావు, కుడి కంట్రోల్ ఉందో లేదో ముందే చూసుకో. 2024 నుంచి కొన్నిటిలో ఆ చోట మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుణ్ణి తెరిచే కోపైలట్ కీ పెడుతున్నారు.

దిద్దాక స్క్రిప్టు ఫైలే పంపు. తెరను ఫోటో తీసి పంపితే ఈ కళ్లద్దాలతో చుక్కేదో కామా ఏదో నాకు తెలియదు.

ఇట్లు,
మీ మామయ్య