టెండరు పడకముందే

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో మీ ట్రస్టు నడిపే పొడి చెత్త కేంద్రాన్ని ఈసారి టెండరులో పెడుతున్నారని, ఎవరో కంపెనీవాళ్లు వచ్చి చూసి పోయారని మీ అమ్మ చెప్పింది. రేటు ఎంత తగ్గించొచ్చా అని రాత్రంతా లెక్కలేస్తున్నావట. ఆ లెక్క పక్కన పడెయ్. రేటులో వాళ్లను గెలవలేవు, గెలిచినా బతకలేవు.

వాళ్ల లాభం ఎక్కడుందో చూడు. నీళ్ల బాటిళ్లు, అట్టపెట్టెలు, కడిగి ఆరబెట్టిన పాలకవర్లు ఎవరైనా కొంటారు. లోపల వెండి మెరుపున్న చిప్స్ ప్యాకెట్‌ని మాత్రం గుజిరీవాడు ముట్టడు. కొలిమిలో కాల్చడానికి సిమెంటు ఫ్యాక్టరీకి పంపాలంటే లారీ బాడుగ మనమే పెట్టుకోవాలి. అమ్ముడుపోయేవి ఏరుకుని, మిగతాది ఊరి చెత్త పోసే మిట్టగానహళ్లి గుంతల్లోకి తోసేవాడికి రేటు తక్కువ వేయడం ఎంతసేపు?

కాబట్టి నీ పని ప్రీబిడ్ మీటింగులోనే, అంటే రేట్లు వేయకముందు షరతుల మీద ప్రశ్నలు వినే మీటింగులో. నోటితో చెప్పి రాకు, రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకో. అమ్ముడుపోని ప్లాస్టిక్ ఎక్కడికి పోయిందో నెలనెలా తూకం చీటీ చూపాలని అడుగు. చెత్త ఏరేవాళ్ల సంఘాలను కలుపుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెత్త నిబంధనల్లో పెట్టింది, దాన్నీ షరతుగా పెట్టమను. మీ దగ్గర ఏరే ఆడవాళ్లలో సగం మంది మన అనంతపురం వైపువాళ్లేగా, వాళ్ల పీఎఫ్, ఈఎస్ఐ కూడా. ఇవన్నీ టెండరు షరతుల్లో పడితే కంపెనీ రేటు దానంతటదే లేస్తుంది. పడకపోతే, 1999 నాటి కర్ణాటక టెండర్ల చట్టం ప్రకారం అర్హుల్లో తక్కువ వేసినవాడికే పోతుంది. ఆఫీసరు నీమీద జాలిపడ్డా చేసేదేం లేదు.

"మేం సేవ చేస్తున్నాం సార్" అని మాత్రం ఎక్కడా అనకు. "అయితే ఊరికే చెయ్యండి" అంటారు.

కంపెనీవాళ్లను తక్కువగానూ చూడకు. బండి చెడితే సాయంత్రానికి మరో బండి దించుతారు. మీ ఆటో పోయిన దసరాకి ఆగితే ఎన్నాళ్లు షెడ్డులో పడుంది?

ఆడిటర్నీ ఒక మాట అడుగు. ఆదాయపు పన్ను లెక్కల్లో మీ పనిని పర్యావరణ రక్షణ కింద రాస్తున్నారా, సాధారణ ప్రజోపయోగం కింద రాస్తున్నారా? రెండోదైతే వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు.

తూకం రిజిస్టరు పట్టుకుని ఆదివారం మత్తికెరె రా. ప్రశ్నలు కూర్చుని రాద్దాం, కన్నడం నేను దిద్దుతాను.

మీ మామయ్య