రక్షణ విషయాల్లో పట్టున్న ఎంపీ కావాలంటే దారేది?

ఒడిశాలోని రాయగడలో డిగ్రీ చదివే తమ్ముడికి రాజకీయాల పిచ్చి, సైన్యం పిచ్చి రెండూ ఉన్నాయన్నారు. ఎంపీ అయితే రక్షణ రంగంలో పేరెలా వస్తుందని కదా అడిగారు.

ముందు సీటు సంగతి. రాయగడ, గుణుపురం, జయపురం అన్నీ కోరాపుట్ లోక్‌సభ కిందికే వస్తాయి. అది ఎస్టీ రిజర్వుడు. తమ్ముడు ఎస్టీ కాకపోతే బరంపురం వైపు చూసుకోవాలి.

గెలిచాక రక్షణ శాఖ పద్దుల్ని పరిశీలించే పార్లమెంటు కమిటీలో, అంటే రక్షణ స్టాండింగ్ కమిటీలో వెయ్యమని పార్టీని అడగాలి. మొత్తం 31 మంది, 21 లోక్‌సభ, 10 రాజ్యసభ. గడువు ఏడాదే కనక ఏటా అడగాల్సిందే. మంత్రయితే చోటు పోతుంది. మన ఒడిశా ఎంపీ జువల్ ఓరాం 17వ లోక్‌సభలో దీనికి అధ్యక్షుడు.

పేరొచ్చేది ఉపన్యాసాలతో కాదు, బడ్జెట్ పద్దులతో. కొత్తవాళ్లు మొత్తం అంకె చూసి చప్పట్లు కొడతారు. చూడాల్సింది కొనుగోళ్ల డబ్బులో పాత ఒప్పందాల వాయిదాలకు ఎంత పోతోందని. 2018లో ఖండూరీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఇదే కమిటీ నివేదిక ఈ సంగతి బయటపెట్టింది: ఆధునికీకరణకు సైన్యానికిచ్చింది 21,338 కోట్లు, అప్పటికే కట్టాల్సిన వాయిదాలు 29,033 కోట్లు. ఇక కొత్త ఆయుధం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ లెక్క కమిటీకి చెప్పింది సైన్యమే కాబట్టి తోసెయ్యడం కష్టమైంది.

ప్రశ్నలు వెయ్యడం ఇంకో విద్య. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. కోరాపుట్ జిల్లా సునాబెడలో ప్రభుత్వ విమానాల సంస్థ హాల్ (HAL) సుఖోయ్ యుద్ధవిమానాల ఇంజిన్లు చేస్తుంది. "సునాబెడ హాల్ ఇంజిన్లు ఏ స్క్వాడ్రన్‌కి ఎన్ని వెళ్లాయి?" అంటే రహస్యమని పక్కన పెట్టేస్తారు. అదే, "2024 సెప్టెంబరులో సుఖోయ్‌ల కోసం కుదిరిన 240 ఇంజిన్ల ఒప్పందంలో ఇప్పటికి ఎన్ని అందాలి, ఎన్ని అందాయి, తేడా ఉంటే కారణమేమిటి?" అని అడిగితే తప్పించుకోవడం అంత తేలిక కాదు. ఒప్పందం విలువ 26,000 కోట్ల పైమాటే, అదంతా బహిరంగంగా ప్రకటించిందే.

చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. నివేదిక సభలో పెట్టకముందే కమిటీలో విన్నది టీవీ వాళ్ల దగ్గర వాగితే సభాహక్కుల ఉల్లంఘన మెడకు చుట్టుకుంటుంది. రక్షణలో అయితే అధికారులు ఆ తర్వాత నోరు విప్పరు, అదే పెద్ద నష్టం.

కమిటీ సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, మూడు నెలల్లో జవాబు మాత్రం ఇవ్వాలి. తమ్ముణ్ణి ఎన్నికల దాకా ఆగమనకండి. ఒక ఏడాది పద్దుల నివేదిక, దాని మీద ప్రభుత్వం ఏం చేసిందో చెప్పే 'యాక్షన్ టేకెన్' నివేదిక పక్కపక్కన పెట్టుకుని, ప్రభుత్వం ఏ సిఫార్సును మాటలతో సరిపెట్టిందో పెన్సిలుతో గీసుకోమనండి.