పుస్తకం ఇంటికొచ్చింది, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది రణస్థలం దగ్గర పల్లె. మా ఆయన పైడిభీమవరంలో కంపెనీ పనికి వెళ్తారు, నేను పొలం పనికి. 2024 ఆగస్టులో మా ప్రాథమిక బడిలో ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) ఎన్నికలు పెట్టినప్పుడు అందరూ చేతులెత్తి నన్ను చైర్మన్ని చేశారు. అప్పటి నుంచి మీటింగంటే తీర్మానాల పుస్తకం మా అబ్బాయి చేతికిచ్చి సంతకానికి ఇంటికి పంపడమే. మొన్న చూస్తే పేజీ సగం ఖాళీ. బాత్రూముల్లో నీళ్లు రాక ఆడపిల్లలు ఇళ్లకు పరిగెత్తుకొస్తున్నారు. అడిగితే హెచ్‌ఎం గారికి కోపమొచ్చి మా అబ్బాయి మీద చూపిస్తారేమోనని టెన్షన్. మా ఆయనేమో ఎందుకొచ్చిన గొడవ, పెట్టెయ్ అంటారు.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు ఇలా పిల్లల చేత పుస్తకం పంపినవాణ్నే. దొంగ లెక్కలు రాద్దామని కాదు. మీటింగు పెడితే కూలి పోతుందని ఎవరూ రారు, పై ఆఫీసుకేమో సాయంత్రానికల్లా తీర్మానం కావాలి. అందుకని మీ హెచ్‌ఎం గారిని దొంగను చూసినట్టు చూడకండి, కానీ ఖాళీ పేజీ మీద మాత్రం సంతకం వద్దు. "నేనే బడికొచ్చి పెడతాను మాస్టారూ, ఒకసారి చదివి వినిపించండి" అనండి చాలు. దీనికి కోపం తెచ్చుకునే మాస్టారు అరుదు.

మీది ఉత్త సంతకాల పదవి కాదు. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు, అంటే మీ బడిలో అయిదు తరగతులుంటే పదిహేను మంది. హెచ్‌ఎం గారు సభ్య కన్వీనర్. బడి ఎలా నడుస్తోందో చూడడం, వచ్చిన డబ్బు ఎటు పోయిందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ఇవన్నీ కమిటీ పనులని చట్టమే రాసింది.

ఇక బాత్రూముల సంగతి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బళ్ల ఖర్చులకు కాంపోజిట్ గ్రాంటు అని ఒకటుంది. ఆ పథకం లెక్క ప్రకారం వంద లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 25 వేల దాకా, మరీ చిన్నదై ముప్పై మంది లోపే ఉంటే 10 వేలు, వంద దాటితే 50 వేలు, ఆపైన. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే వాడాలి. ఈ ఏడాది ఎంత పడింది, దేనికి ఖర్చయింది అని పాస్‌బుక్కు, బిల్లులు పక్కపక్కన పెట్టుకుని అందరూ ఉన్నప్పుడే అడగండి. డబ్బు ఆలస్యంగా పడి ఉండొచ్చు, ఆ మాట తెలిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది. చెడింది మోటారా, పైపా, ట్యాంకా తేల్చుకుని, ఫలానాది బాగు చేయించాలని తీర్మానం రాయించి ఒక కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. వార్డు మెంబరు కూడా మీ కమిటీలో ఉంటారు కదా, ఆయన్నీ కాస్త కదిలించండి.

ఒక్క మాట. మాస్టార్లను బదిలీ చేయించడం, శిక్షించడం కమిటీ చేతిలో లేవు. పాఠం జరుగుతుండగా క్లాసులోకి వెళ్లి నిలదీసేవాళ్లను నేను చూశాను, దాంతో పని చెడడం తప్ప ఇంకేం జరగలేదు.

ప్రశ్న: కొడుకు, కోడలు చెన్నైలో బిల్డింగ్ పనులకెళ్లారు. మనవరాలు నా దగ్గరే ఉండి చదువుతోంది. కమిటీ ఎన్నికల్లో నాకు ఓటుంటుందా బాబూ?
– ఒక నాయనమ్మ, కవిటి

జవాబు: చట్టంలో తల్లిదండ్రులతో పాటు సంరక్షకులు అనే మాట ఉందమ్మా, కమిటీలో కూడా ఉండొచ్చు. మన జిల్లాలో సగం ఊళ్లు వలసల మీదే బతుకుతున్నాయి, మీలాంటి వాళ్లను వదిలేస్తే కమిటీలో మిగిలేదెవరు? ఎన్నికల ముందే బడికెళ్లి సంరక్షకురాలిగా మీ పేరు రాయించుకోండి.

ప్రశ్న: 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు మా బడికి జనం బాగానే వచ్చారు. మామూలు కమిటీ మీటింగంటే నలుగురు కూడా రారు. ఏం చేయాలి సార్?
– ఒక టీచరు, గజపతినగరం

జవాబు: ఆ రోజు వాళ్లొచ్చింది తమ పిల్ల సంగతి చెబుతారని. మామూలు మీటింగులో మనం సర్క్యులర్ చదువుతాం, ఆ తల్లికి కావాల్సిందేమో పాపకు ఎక్కాలు వచ్చాయా అన్నది. పిల్లల హాజరు, చదువు గురించి తల్లిదండ్రులతో తరచూ కూర్చుని మాట్లాడడం టీచరు బాధ్యతేనని అదే చట్టం 24వ సెక్షన్లో ఉంది, కాబట్టి దాంతోనే మొదలుపెట్టి లెక్కలు, తీర్మానాలు తర్వాత చదవండి. పగలు పదకొండింటికి పిలిస్తే పని మానుకుని ఎవరొస్తారు? రాత్రి ఏడింటికి రామకోవెల దగ్గర పెట్టి చూడండి. నా ఉద్యోగంలో ఆఖరి రెండేళ్లు నేనలాగే పెట్టాను, మళ్లీ పుస్తకం ఎవరింటికీ పంపాల్సి రాలేదు. టీ ఖర్చు మాత్రం నా జేబులోంచే.