తిప్పతీగ ఎక్స్‌ట్రాక్ట్‌కి డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ గుణం చూసే) పరీక్షలో మంచి రిజల్ట్ వస్తే, థీసిస్‌లో ‘సురక్షితం’ అని రాయొచ్చా?

రాయకండి, వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఎం.ఫార్మసీలో నేను చేసిందీ తిప్పతీగ ఆకు మీదే, అందుకే చెప్తున్నా.

డీపీపీహెచ్ పరీక్ష తేల్చేది ఒక్కటే: ఆ ఊదారంగు ద్రావణాన్ని మీ ఎక్స్‌ట్రాక్ట్ పసుపుగా మార్చగలదా అని. టీ డికాక్షన్ పోసినా మారుతుంది. అందులో లివరూ లేదు, కిడ్నీ లేదు.

అసలు ఆ రీడింగ్‌నైనా ఒకసారి చూసుకోండి. నాకు 200 మైక్రోగ్రాముల దాకా పెరుగుతూ వచ్చిన ఊదారంగు తగ్గిన శాతం 400 దగ్గర పడిపోయింది. డీపీపీహెచ్ పొడి పాడైందేమోనని మళ్లీ తూచా (100 మి.లీ. మిథనాల్‌కి సుమారు 4 మి.గ్రా., కాగితానికి అంటుకున్నా లెక్క తప్పుతుంది). మళ్లీ అదే. చివరికి మా ల్యాబ్ అసిస్టెంట్ క్యువెట్‌ని (శాంపిల్ పోసే చిన్న పారదర్శక పాత్ర) కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, “ఇది పసుపుపచ్చా, ఆకుపచ్చా అమ్మా?” అన్నాడు. ఎక్స్‌ట్రాక్ట్ సొంత రంగే మనం రీడింగ్ తీసే 517 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చేస్తోంది! ప్రతి గాఢతకీ డీపీపీహెచ్ లేకుండా ఉత్త మిథనాల్‌లో ఒక బ్లాంక్ పెట్టి, ఆ విలువ తీసేశాక గ్రాఫ్ దారికొచ్చింది.

ఇక భద్రత. జంతువుల మీద పరీక్షకు అనుమతి లేకపోతే ఆర్టీమియాతో (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి) మొదలుపెట్టండి. రొయ్యల హేచరీల్లో వాడే డబ్బా గుడ్లే. ఉప్పునీళ్లలో ఒకట్రెండు రోజుల్లో పొదిగి, పిల్లలు వెలుతురు వైపు ఈదుకొస్తాయి. వయల్‌కి పదేసి వదిలి, 24 గంటల తర్వాత బతికున్నవి లెక్కపెట్టడమే. ఇది వడపోత మాత్రమే.

ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే ఓఈసీడీ 423 (ఒక్క డోసు విషప్రభావం చూసే అంతర్జాతీయ పద్ధతి): మూడేసి ఆడ ఎలుకలు, కిలోకి 2000 మి.గ్రా. దాకా ఒకే డోసు, 14 రోజుల గమనింపు. ఒక్కటీ చావకపోయినా, ఆ ఒక్క డోసు చంపలేదనే అర్థం. లివర్ సంగతి తెలియాలంటే 28 రోజులు రోజూ ఇచ్చి ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) చూడాలి, లివర్ ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టాలి. అవేవీ చేయకపోతే “పరీక్షనాళికలో ఫ్రీ రాడికల్స్‌ని అణిచింది, విషప్రభావం పరీక్షించలేదు” అని రాసేయండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

తిప్పతీగ విషయంలో ఇది చాదస్తం కాదు. 2021లో ముంబై డాక్టర్లు దీన్ని వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, వాళ్లు వాడింది టైనోస్పోరా కార్డిఫోలియానా (అసలు తిప్పతీగ), దాన్ని పోలిన క్రిస్పానా తేల్చలేదంది. కాబట్టి ఆకు కోసిన రోజే బోటనీ వాళ్లతో గుర్తింపు చేయించి హెర్బేరియం షీట్ (ఎండబెట్టి అంటించిన మొక్క నమూనా) పెట్టించుకోండి. నేను వాయిదా వేశా. ఎగ్జామినర్ అడిగాక కొమ్మ కోసం పరుగెత్తితే, తీగ పాకిన వేపచెట్టునే కొట్టేసి ఉన్నారు.