పిల్లలతో కావలూరు వెళ్తున్నారా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాపతో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ చూడాలనుంది. పెద్ద టెలిస్కోపులోంచి చూడనిస్తారా? ఎప్పుడు వెళ్లాలి?

జవాబు: చూడనివ్వరండీ. 2.34 మీటర్ల అద్దమున్న వైను బప్పు టెలిస్కోపు పరిశోధనకే. సందర్శకులకు ఆకాశం చూపించేది చిన్నదాంట్లోనే. ఈ సంగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పేయండి, లేకపోతే అక్కడ అలకలే!

వేలూరు, వాణియంబాడి, ఆలంగాయం మీదుగా దారి. సందర్శన సాధారణంగా శనివారాల్లో. ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వానాకాలం మానుకోండి, జనవరి నుంచి ఏప్రిల్ మేలు. పౌర్ణమి అస్సలు వద్దు: ఎదురుగా వెలుగు పడి చంద్రుడి గుంతలకు నీడలుండవు, తెల్లటి పళ్లెంలా కనిపిస్తాడు. శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతలు లోతుగా తేలతాయి.

చీకటికి కళ్లు అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు. ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. పిల్లలు గొట్టం పట్టుకుంటే అది కదిలి చంద్రుడు తప్పిపోతాడు. చేతులు వెనక్కి కట్టుకోమనండి. పాప ఒక కన్ను మూయలేకపోతే మీ అరచేయి అడ్డుపెట్టండి.

అక్కడి ఒక మీటరు టెలిస్కోపును మాత్రం బాబుకి తప్పక చూపించండి. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం అడ్డొచ్చేలోపే ఓ నక్షత్రం మినుకుమినుకుమంది; దాన్ని గమనించిన టెలిస్కోపుల్లో ఇదొకటి. గ్రహం చుట్టూ ఉన్న వలయాలు నక్షత్రానికి అడ్డొచ్చాయని అలా తెలిసిపోయింది.