క్రియాటినిన్ 1.3 వస్తే డయాలసిస్ తప్పదా?

ప్రశ్న: మా అమ్మగారికి 63 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు తరచూ మాత్రలు వేసుకుంటారు. ఇటీవల రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.3 వచ్చింది. ఒక డాక్టరుగారు ‘కాస్త ఎక్కువే గానీ పరవాలేదు’ అన్నారు. మరొకరు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) 46 అని రాసి, కిడ్నీలు సగం దెబ్బతిన్నాయన్నారు. మాది ఉద్దానం ప్రాంతం కావడంతో భయంగా ఉంది. డయాలసిస్ తప్పదా?
– ఒక పాఠకురాలు, సోంపేట

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడు డయాలసిస్ ప్రసక్తే లేదు. అలాగని రిపోర్టును బీరువాలో పెట్టి మరచిపోవడమూ మంచిది కాదు.

క్రియాటినిన్ మన కండరాల నుంచి నిత్యం పుట్టే వ్యర్థ పదార్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి కనుక, వడపోత మందగిస్తే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. చిక్కేమిటంటే, అసలు అది ఎంత పుడుతుందన్నది ఒంట్లో ఉన్న కండను బట్టి ఉంటుంది. పాతికేళ్ల యువకుడికి ఇదే 1.3 వస్తే వడపోత వేగం లెక్క ప్రకారం 78 దాకా ఉంటుంది. మీ అమ్మగారి వయసు మహిళకు 46 మాత్రమే వస్తుంది. ల్యాబ్ కాగితం మీద అంకె పక్కన అచ్చువేసే ‘నార్మల్’ పరిధి ఈ తేడాను చెప్పదు. అందుకే వయసు, స్త్రీ పురుష భేదం కూడా కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్‌ను చూస్తాం. అది 45 నుంచి 59 మధ్య ఉండి, మూడు నెలలకు పైగా అలాగే కొనసాగితే, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో ‘3ఎ’ దశ అంటాం. 15 కంటే తగ్గితేనే చివరిదైన అయిదో దశ. అప్పుడు కూడా డయాలసిస్ నిర్ణయం రోగి లక్షణాలను, పొటాషియం వంటివాటిని చూసి తీసుకునేదే.

‘మూడు నెలలు’ అన్న మాటను చాలామంది పట్టించుకోరు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ముందు రోజు రాత్రి మటన్ కూర గట్టిగా తిన్నా, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడినా క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. మీ అమ్మగారి విషయంలో నాకు మొదటి అనుమానం ఆ మాత్రల మీదే. వాటిని వెంటనే ఆపించండి. నొప్పికి ఏది వాడాలో డాక్టరును అడగండి. రెండు వారాల్లోపు ఒకసారి, మూడు నెలల తరువాత మరోసారి క్రియాటినిన్ చూపించాలి. రెండేళ్ల కిందటి రిపోర్టు దొరికితే ఇంకా మేలు: అప్పుడూ 1.2, 1.3 ఉంటే ఒక సంగతి, 0.8 ఉంటే పూర్తిగా వేరే సంగతి.

ఇక మీ ఉత్తరంలో కనిపించనిది మూత్ర పరీక్ష. నా దగ్గరికి వచ్చేవారు క్రియాటినిన్ రిపోర్టులు ఫైలు నిండా తెస్తారు, మూత్రం రిపోర్టు మాత్రం ఒక్కటీ ఉండదు. షుగర్ ఉన్నవారిలో వడపోత తగ్గక ముందే అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారడం మొదలుకావచ్చు. మామూలు మూత్ర పరీక్షలో ‘నిల్’ అని వచ్చినా కొద్దిపాటి అల్బుమిన్ ఉండవచ్చు కాబట్టి, ఉదయం లేవగానే పోసిన మూత్రంతో, క్రియాటినిన్‌తో పోల్చి అల్బుమిన్ ఎంతుందో చెప్పే ‘ఏసీఆర్’ పరీక్ష చేయించండి. అది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములలోపు ఉండాలి. 300 దాటితే జబ్బు వేగంగా ముదిరే ప్రమాదం ఎక్కువ. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఈ పరీక్ష వద్దు.

ఉద్దానం గురించి మీ భయం అర్థమవుతుంది. అక్కడ షుగర్, బీపీ లేనివారికీ కిడ్నీ జబ్బు వస్తోంది, కారణం ఇంకా తేలలేదు. ఆ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ చాలాసార్లు స్వల్పంగానే పోతుంది. కాబట్టి ఏసీఆర్ బాగుందని మీ ప్రాంతం వారు నిశ్చింతగా ఉండడానికి లేదు, క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. మీ అమ్మగారికి ఒకసారి కడుపు స్కానింగ్ చేయిస్తే కిడ్నీల పరిమాణం, రాళ్లు, మూత్రానికి అడ్డంకి ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. ఆమె మరీ బక్కపలచగా ఉంటే క్రియాటినిన్ లెక్క వాస్తవం కంటే మెరుగ్గా కనిపించవచ్చు. అప్పుడు కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష ఉపయోగపడుతుంది.

ఈ ఫలితాలతో నెఫ్రాలజిస్టును కలవండి, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఆమె షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే, ఈజీఎఫ్ఆర్ 45 కంటే దిగినప్పుడు మోతాదును సమీక్షించాలి, 30 కంటే దిగితే ఆపాలి. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా మూడు నెలల గడువు కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.