సైనిక కవచం కథ రాస్తున్న చిరంజీవికి

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథను శ్రద్ధగా చదివాను. ఓర్వకల్లు దగ్గరే డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రం ఉన్న మన ప్రాంతంలో కుర్రవాళ్లకు ఇటువంటి కథలపై మక్కువ కలగడం సహజమే. ఎక్సోస్కెలిటన్ (ఒంటికి తొడుక్కునే యంత్ర కవచం) వేసుకున్న జవాను సియాచిన్ మంచులో పరుగెత్తే ఘట్టం చురుకుగా సాగింది. అయితే ఆ యంత్రానికి కరెంటు ఎక్కడిదో, లోపలి మనిషి ఒళ్లు ఏమవుతోందో నీవు ఎక్కడా రాయలేదు.

ఇటువంటి కవచాన్ని నిజంగా తయారుచేయబోయిన ప్రయత్నాలు చాలావరకు ఇలాంటి చోట్లే తడబడ్డాయి. 1960లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ మొదలుపెట్టిన హార్డిమన్ అనే కవచం సుమారు 680 కిలోలు తూగింది. మొత్తం యంత్రాన్ని ఒకేసారి కదిలించబోతే అదుపు తప్పి ఎగిరిపడేది కనుక, లోపల మనిషిని ఉంచి దాన్ని ఎన్నడూ పూర్తిగా నడపలేదు. 2010లో అమెరికా ఆయుధ సంస్థ రేథియన్ చూపిన ఎక్స్‌ఓఎస్ 2 అనే కవచం బరువులను అలవోకగా ఎత్తింది గానీ, దానికి శక్తి బయటి నుంచే అందాలి. అమెరికా ప్రత్యేక దళాలు 2013లో ప్రకటించిన టాలోస్ అనే కవచ పథకం, అనుకున్న పూర్తి సూటు చేతికి రాకుండానే 2019లో ముగిసింది.

మోకాలి సంగతి ప్రత్యేకంగా తెలుసుకో. మన మోకాలు తలుపు మడతబందులా ఒకే ఇరుసు మీద తిరగదు. వంగేకొద్దీ దాని ఇరుసు జరుగుతూ ఉంటుంది. ఇనుప కీలు అలా జరగకపోతే పట్టీ తొడను ఒరుసుకుంటుంది. పైగా కాలికి కట్టిన బరువును అడుగడుగునా ఊపాల్సి రావడంతో, వీపు మీది భారం తగ్గినా ఆయాసం పెరగవచ్చు.

ఒక పూట ఆదోని మార్కెట్ యార్డులో కూర్చుని హమాలీలను చూసి రా. బస్తా వీపు మీదికి రాగానే మెడ ముందుకు సాగుతుంది, అడుగు కురచవుతుంది, లారీకి ఆనించిన పలక ఎక్కేటప్పుడు పాదమంతా ఆనాకే రెండో కాలు లేస్తుంది; అంతవరకు సాగిన మాటలు అక్కడ ఆగిపోతాయి. నీ జవానులో నాకు ఆ మెడ, ఆ పాదం కనిపించాలి.

చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుందని నీకు తెలుసు. కనుక పరుగును తీసివేసి, ఏటవాలులో బ్యాటరీ అయిపోయిన క్షణం నుంచి కథ మొదలుపెట్టు. అంతవరకు తనను మోసిన కవచం అప్పుడు అతని మీదే పడుతుంది. ముందు ఏ పట్టీ విప్పుతాడు, చేతి తొడుగులతో విప్పగలడా, తుపాకీని ఎక్కడ ఆనిస్తాడు, విప్పిన దాన్ని అక్కడే వదిలేస్తాడా? ఇవన్నీ తేల్చుకుని రాసి, ఆ భాగం మాత్రం నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి